పొడి రాలుతోందా, పేళ్లు రాలుతున్నాయా?

సుబాబుల్, జామాయిల్, సరుగుడు వేసిన ఊళ్లలో చైన్‌సా ఇప్పుడు మందు కొట్టే పంపులాగే మామూలు పనిముట్టు. ముదిరిన మామిడి తోటల్లో కొమ్మలు కొట్టాలన్నా, రోడ్డుకు అడ్డంగా పడిన చెట్టును తీయాలన్నా అదే కావాలి. 2014లో హుద్‌హుద్ విశాఖను, 2018లో తిత్లీ ఉద్దానాన్ని అతలాకుతలం చేసినప్పుడు దారులు తెరవడానికి అక్కరకొచ్చింది ఇలాంటి మిషన్లే.

అయితే కొన్న కొన్నాళ్లకు చాలామంది నోట ఒకటే మాట వినిపిస్తుంది: "కొత్తలో బాగానే కోసేది, ఇప్పుడు ఇంజనులో దమ్ము తగ్గింది." ఇంజను విప్పే ముందు ఒక్కసారి చైన్ చూడండి. చాలాసార్లు తగ్గింది దమ్ము కాదు, పదును. పదును ఎందుకు పోతుందో, ఎలా తిరిగి వస్తుందో తెలిస్తే మిగతా మరమ్మతుల్లో సగం వాటంతటవే తప్పుతాయి.

చైన్ మొద్దుబారిందని ఎలా తెలుస్తుంది?

కోత కింద ఏం రాలుతోందో చూడండి. పచ్చి దుంగను అడ్డంగా కోస్తున్నప్పుడు చిన్న చిన్న పేళ్లు చిమ్ముతుంటే చైన్ పదునుగా ఉన్నట్టు. పిండిలాంటి పొడి రాలుతుంటే పళ్లు చెక్కను కోయడం మానేసి రాస్తున్నట్టు. బాగా ఎండిన కట్టెకు కాస్త సన్నటి పొడి మామూలే కాబట్టి పరీక్ష పచ్చి దుంగ మీదే చేయాలి.

రెండో గుర్తు మీ చేతులే చెబుతాయి. పదునున్న చైన్ మిషను బరువుకే చెక్కలోకి దిగిపోతుంది. దాన్ని నొక్కాల్సి వస్తోందంటే పన్ను పనిచేయడం లేదు. చైన్‌కు ఆయిల్ సరిగా అందుతున్నా కోతలోంచి పొగ వస్తోందంటే అది కూడా రాపిడి పొగే. ఇక పేళ్లు చక్కగా పడుతున్నా ఇంజను ఆగిపోతోందంటే, అప్పుడు ఎయిర్ ఫిల్టరు, పెట్రోలు సంగతి చూడాలి.

మొద్దు చైన్‌తో పని లాగిస్తే నష్టం చైన్‌తో ఆగదు. మనం నొక్కే కొద్దీ చైన్ తిరిగే బార్ అంచులు వేడెక్కి అరుగుతాయి, క్లచ్ మీద భారం పడుతుంది. సన్నటి పొడి ఎయిర్ ఫిల్టరులో చేరి గాలి అందనివ్వదు. గాలి తగ్గితే పెట్రోలు పాలు ఎక్కువై ఇంజను పొగ కక్కుతుంది, ప్లగ్గు నల్లబడుతుంది. మెకానిక్కు కనపడేది చివరి జబ్బు. మొదలు మాత్రం పంటి దగ్గరే ఉంటుంది.

ఉక్కు పళ్లు కదా, అంత తొందరగా ఎందుకు మొద్దుబారతాయి?

వేగం వల్ల. కోతలో ఉన్న చైన్ సెకనుకు సుమారు 20 మీటర్లు పరుగెత్తుతుంది. అంటే గంటకు 72 కిలోమీటర్లు. 18 అంగుళాల బార్ మీది చైన్‌లో 36 దాకా పళ్లుంటాయి. ఆ లెక్కన సెకనుకు ఐదొందలకు పైగా పళ్లు చెక్కను తాకి వెళతాయి.

అలా పరిగెత్తే చైన్ ఒక్క క్షణం నేలను తాకిందనుకోండి. ఇసుకలో ఎక్కువగా ఉండేది క్వార్ట్జ్. అది పంటి ఉక్కు కన్నా గట్టిది. సెకనులో సగంసేపు తాకినా ప్రతి పన్నూ చాలాసార్లు ఇసుకను కొట్టినట్టే. పొద్దున పెట్టిన పదును అక్కడే పోతుంది.

కాబట్టి నేల మీద పడున్న దుంగను పైనుంచి కిందికంటా ఒకే ఊపులో కోయకండి. మూడింట రెండొంతులు కోసి, దుంగను దొర్లించి, మిగిలింది పైనుంచి ముగించండి. వీలైతే కింద ఒక కట్టె వేసి దుంగను నేల నుంచి లేపండి. వరదలో కొట్టుకొచ్చిన చెట్టయితే బెరడులో మట్టి పట్టేసి ఉంటుంది. కోసే చోట గొడ్డలితో బెరడు చెక్కేయండి. పాత కంచె వెంబడి చెట్లలో మేకులు, ముళ్లతీగ దిగబడి ఉంటాయి, వాటినీ వెతకండి.

కొబ్బరి చెట్టు దగ్గర మరికాస్త ఓపిక కావాలి. దాని మానులో బయటి వలయమే గట్టిది. పైగా తాటి, కొబ్బరి జాతి చెట్లు తమ కణజాలంలో సిలికా దాచుకుంటాయి. తీరంలో అయితే మొదలంతా ఇసుక కూడా ఉంటుంది. మామిడి కొమ్మ కోసినంతసేపు కొబ్బరి మాను మీద పదును నిలవదు. చెట్టుకో రెండు చెట్లకో ఆకురాయి అందుకోవాల్సి వస్తే అది చైన్ లోపం కాదు.

చైన్‌సా పన్ను చెక్కను ఎలా కోస్తుంది?

ఇది తెలిస్తే ఆకురాయి ఎక్కడ పట్టాలో ఎవరూ చెప్పక్కర్లేదు. మొదటి రోజుల్లో చైన్‌సా పళ్లు చేతిరంపం పళ్ల పద్ధతిలో చెక్కను గీరేవి. వాటికి పదును పెట్టడమే పెద్ద పని. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ బ్యూఫర్డ్ కాక్స్ అనే కలప పనివాడు 1946లో ఒక మొద్దులో పెద్ద పెంకుపురుగు పిల్లను చూశాడు. అది తన రెండు దవడలనూ కుడికీ ఎడమకూ ఆడిస్తూ, చెక్క పోగుకు అడ్డంగా, నిలువుగా ఎటు కావాలంటే అటు తొలుచుకుంటూ పోతోంది. ఆ దవడల వంపును ఉక్కులో పట్టి కాక్స్ కొత్త చైన్ తయారుచేశాడు. 1947లో పోర్ట్‌లాండ్‌లో కంపెనీ పెట్టాడు. ఇవాళ మన చేతుల్లో ఉన్న చైన్లు ఆ నమూనా సంతతే. ఒక పన్ను కుడికి, తర్వాతిది ఎడమకు వంగి ఉండటం అందుకే.

ఇప్పుడు ఒక్క పన్నును దగ్గరగా చూడండి. పైన పలకలాంటి భాగం, పక్కన నిలువు గోడ. రెండూ కలిసే మూలే అసలు కోసేది. పక్క గోడ చెక్క పోగును తెంపుతుంది, పై పలక ఆ తెగినదాన్ని పెళ్లగించి పైకెత్తుతుంది. పన్నుకు ముందు ఒక చిన్న బొడిపె ఉంటుంది. దాన్నే డెప్త్ గేజ్ అంటారు. అది కోయదు. పన్ను ఎంత లోతు దిగాలో నిర్ణయిస్తుంది. వడ్రంగి చిత్రిక పట్టేటప్పుడు బిళ్ల అడుగు నుంచి ఎంత బయటికి వస్తే పొర అంత మందంగా లేచినట్టే, బొడిపె కన్నా పంటి అంచు ఎంత ఎత్తున ఉంటే పేడు అంత మందంగా వస్తుంది. చాలా చైన్లకు ఈ తేడా 0.65 మిల్లీమీటర్లు.

పంటి బయటి వైపు పలచటి గట్టి క్రోమియం పూత ఉంటుంది. లోపలి ఉక్కు ఆకురాయికి లొంగేంత మెత్తన. ఆ పూత అంచే కత్తి. రాయికి కొట్టుకుని పూత పెచ్చూడితే, పెచ్చు లేచినంత మేరా వెనక్కి అరగదీసి పూత నిండుగా ఉన్న చోటికి చేరేదాకా పదును రాదు. పైపైన రెండు రాపిళ్లు రాస్తే మెరుపు వస్తుంది, కోత రాదు.

ఏ ఆకురాయి కొనాలి?

గుండ్రటిది. ఎంత లావుదో చైన్ పిచ్‌ను బట్టి ఉంటుంది. వరసగా మూడు రివెట్ల మధ్య దూరం కొలిచి సగం చేస్తే పిచ్ వస్తుంది. చాలా బార్ల మీద అది అచ్చు వేసి కూడా ఉంటుంది. చిన్న మిషన్లకు వచ్చే లో ప్రొఫైల్ 3/8 చైన్‌కు 4 మిల్లీమీటర్ల ఆకురాయి, 0.325 చైన్‌కు 4.8, పెద్ద 3/8 చైన్‌కు 5.2 లేదా కంపెనీని బట్టి 5.5, 0.404 చైన్‌కు 5.5 మిల్లీమీటర్లు సరిపోతాయి.

సైజు తప్పితే ఏమవుతుంది? ఆకురాయి సన్నగా ఉంటే పంటి కడుపులోకి మరీ దిగిపోయి అంచును కొక్కెంలా వంచుతుంది. అలాంటి పన్ను మొదట గబగబా కొరుకుతుంది, కాసేపటికే అంచు విరుగుతుంది. లావుగా ఉంటే అంచు వెనక్కి వాలిపోయి చెక్కలోకి దిగనే దిగదు. పన్ను పై పలక కన్నా ఆకురాయి తన లావులో ఐదో వంతు పైకి కనిపించాలి, మిగతాది కింద ఉండాలి. సరైన సైజు, సరైన ఎత్తు కలిస్తేనే అంచుకు కావలసిన వంపు వస్తుంది.

ఇక పదును పెట్టడం ఎలా?

ఇంజను ఆపి, చల్లారనిచ్చి, ప్లగ్గు తొడుగు ఊడదీయండి. చేతికి తొడుగులు వేసుకోండి. చైన్‌కు పట్టిన జిడ్డు తుడవండి. జిడ్డులో ఆకురాయి జారుతుంది, దాని గాళ్లలో పొడి పేరుకుంటుంది. బార్‌ను పట్టకర్రలో గాని, దుంగకు గాడి కోసి అందులో గాని కదలకుండా నిలపండి. చైన్ మామూలు కన్నా కొద్దిగా బిగిస్తే పన్ను ఊగదు.

పళ్లన్నింటిలోకీ బాగా అరిగిన పొట్టి పన్నును వెతికి దాని మీద రంగు గుర్తు పెట్టండి. మొదలూ చివరా తెలియడానికే కాదు, మిగతా పళ్ల పొడుగుకు కొలత కూడా ఇదే.

ఆకురాయిని బార్‌కు సరిగ్గా అడ్డంగా పెట్టి, అక్కడి నుంచి 30 డిగ్రీలు ఏటవాలుగా తిప్పండి. కొన్ని చైన్లకు 25 ఉంటుంది. చాలా పళ్ల మీద కంపెనీ ఒక సన్నటి గీత గీసి ఉంచుతుంది, ఆకురాయిని ఆ గీతకు సమాంతరంగా నడిపితే చాలు. చేతికి అలవాటయ్యేదాకా గీతలున్న ఫైల్ గైడ్ వాడటం మంచిది.

పంటి లోపలి నుంచి బయటికి తోయండి. వెనక్కి వచ్చేటప్పుడు ఆకురాయిని పంటికి తగలనివ్వకండి. ఎందుకంటే ఆకురాయి గాళ్లు ముందుకు పోయేటప్పుడే కోస్తాయి. వెనక్కి ఈడిస్తే అవే మొద్దుబారతాయి. బయటి నుంచి లోపలికి తోస్తే ముందు క్రోమియం పూత తగిలి ఆకురాయీ పాడవుతుంది, పూతా పెచ్చు లేస్తుంది.

తొందర లేకుండా, నిండు పొడవునా, ఒకే ఒత్తిడితో రెండు మూడు తోపులు. చైన్ బ్రేకు వదిలి చైన్ జరుపుతూ ఒక పక్క పళ్లన్నీ పూర్తి చేయాలి. తర్వాత మిషనును తిప్పి రెండో పక్క మొదలుపెట్టాలి. అంచు మీద వెలుగు పడి తెల్లటి గీత మెరుస్తోందంటే అక్కడ ఇంకా మొద్దుగానే ఉంది. పదునైన అంచు మెరవదు.

ఎప్పుడు పెట్టాలి అంటే, పెట్రోలు పోసినప్పుడల్లా ఒకసారి చూసుకోవడం మేలు. రెండు తోపులతో సరిపోయే పనిని వాయిదా వేస్తే సాయంత్రానికి పన్నుకు పది తోపులవుతుంది. తీసిన ఉక్కు తిరిగిరాదు కాబట్టి కొంచెం కొంచెంగా తరచూ పెట్టే పదునే చైన్‌ను ఎక్కువకాలం నిలుపుతుంది.

పళ్లు పదునుగానే ఉన్నాయి, అయినా కోయడం లేదు. ఎందుకు?

బొడిపె వల్ల. పన్ను పై పలక వెనక్కి వాలి ఉంటుంది. పదును పెట్టిన ప్రతిసారీ అంచు వెనక్కి జరుగుతుంది, దాంతో పాటు కిందికీ దిగుతుంది. బొడిపె మాత్రం ఉన్న చోటే ఉంటుంది. కొన్నాళ్లకు రెండూ ఒకే ఎత్తుకు వస్తాయి. అప్పుడు బొడిపె చెక్క మీద జారుతూ పన్నును తాకనివ్వదు. మీరు నొక్కుతారు, పొడి రాలుతుంది, పదును సరిగా రాలేదనుకుని మళ్లీ రాస్తారు. తేడా ఇంకా తగ్గుతుంది.

మూడు నాలుగుసార్లు పదును పెట్టాక డెప్త్ గేజ్ కొలబద్దను చైన్ మీద పెట్టి చూడండి. దాని గాడిలోంచి బొడిపె పైకి కనిపిస్తే, కనిపించినంత మేరే బల్లపరుపు ఆకురాయితో తీసి, ముందు మూలను గుండ్రంగా చేయండి.

కొందరు "ఇంకాస్త తీస్తే ఇంకాస్త గబగబా కోస్తుంది" అని అంచనాతో అరగదీస్తారు. ఇది ప్రమాదం. పన్ను మోయలేనంత చెక్కను పట్టుకుంటుంది, మిషను అదురుతుంది, ఇంజను ఆగుతుంది. అన్నిటికన్నా భయపడాల్సింది బార్ ముక్కు పైభాగం చెక్కకు తగిలినప్పుడు మిషను ఎగిరి మనిషి మీదికి తన్నడం. బొడిపె తగ్గిన కొద్దీ ఆ తన్ను బలం పెరుగుతుంది. కొలబద్ద లేకుండా బొడిపె ముట్టకండి.

కోత తిన్నగా రాక ఒక పక్కకు వంగుతుంది. కారణం?

కుడి పళ్లూ ఎడమ పళ్లూ సమానంగా లేవన్నమాట. ఏ పక్క పళ్లు పదునుగా, పొడుగ్గా ఉంటే కోత అటు లాగుతుంది. కుడిచేతి వాటం వాళ్లకు ఒక పక్క రాయడం సులువు, రెండో పక్క ఇబ్బంది. తెలియకుండానే ఆ పక్క కోణం, ఒత్తిడి మారిపోతాయి. పొట్టి పన్ను కొలతకు మిగతావన్నీ తెస్తే కోత సరవుతుంది. అప్పటికీ వంగుతుంటే బార్ అంచుల్లో ఒకటి ఎక్కువ అరిగి ఉంటుంది.

అందుకే బార్‌ను అప్పుడప్పుడు తలకిందులు చేసి బిగించాలి. కోత ఎక్కువగా బార్ కింది అంచుతోనే సాగుతుంది, తిప్పితే అరుగుదల రెండంచులకూ పంచుకుంటుంది. తీసినప్పుడే గాడిలో పేరుకున్న పొట్టును సన్నటి రేకుతో గీకి, ఆయిల్ వచ్చే రంధ్రం శుభ్రం చేసి, అంచుల మీద లేచిన మొలకలను ఆకురాయితో తీసేయండి.

చైన్ ఎంత బిగించాలి?

బార్ ముక్కును పైకెత్తి పట్టుకుని బిగించండి. చైన్ బార్ కింది అంచుకు ఆనుకుని ఉండాలి, బ్రేకు వదిలి చేత్తో లాగితే తేలిగ్గా కదలాలి. వదులుగా ఉంటే జారి బయటికొస్తుంది. మరీ బిగిస్తే బార్, చైన్‌ను తిప్పే స్ప్రాకెట్, బేరింగులు అరుగుతాయి.

పని చేస్తుండగా చైన్ వదులవడం సహజం. వేడికి ఇనుము సాగుతుంది. రోజులు గడిచే కొద్దీ రివెట్లూ వాటి రంధ్రాలూ కొద్దికొద్దిగా అరిగి పొడుగు పెరుగుతుంది. వేడి మీద బిగించి పని చేసుకోవచ్చు. పని కాగానే మళ్లీ వదులు చేయడం మాత్రం మరవకూడదు. చల్లారుతూ కుంచించుకుపోయే చైన్ క్రాంక్ షాఫ్టునూ బేరింగులనూ లాగిపెడుతుంది.

బార్‌కు పాత ఇంజనాయిల్ పోస్తే తప్పా?

డబ్బు మిగిలినట్టే కనిపిస్తుంది. చైన్ ఆయిల్‌కు జిగురు గుణం ఉంటుంది. అంత వేగంలోనూ బార్ ముక్కు దగ్గర ఎగిరిపోకుండా చైన్‌ను అంటిపెట్టుకుంటుంది. వాడేసిన ఇంజనాయిల్‌లో ఆ జిగురు లేదు, పైగా ఇనుప రజను ఉంటుంది. అది పంపునూ బార్‌నూ అరగదీస్తుంది. అందులోని విషపదార్థాలు తుంపరగా కోసేవాడి చర్మం మీద, ఊపిరిలో, తోట నేలలో పడతాయి. వంటనూనె పోసి మిషను పక్కన పెడితే కొన్నాళ్లకు బంకకట్టి చైన్ బిగుసుకుంటుంది.

ఆయిల్ అందుతోందా లేదా చూడటానికి, తెల్లటి అట్టముక్కకు కాస్త ఎడంగా బార్ ముక్కును పెట్టి రేస్ చేయండి. అట్ట మీద ఆయిల్ చార పడాలి.

పెట్రోలు కలపడంలో ఏం చూసుకోవాలి?

చైన్‌సాలో ఉండే టూ స్ట్రోక్ ఇంజనుకు వేరే ఆయిల్ గది లేదు. పిస్టనుకు నూనె అందేది పెట్రోలులో కలిపిన ఆయిల్ ద్వారానే. 50కి 1 అని రాసి ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అయితే 40 మిల్లీలీటర్లు. ఏది వాడాలో మిషను పుస్తకం, ఆయిల్ డబ్బా చెబుతాయి. చేతి అంచనా వద్దు, కొలపాత్ర వాడండి. ఒక్కసారి ఆయిల్ లేని పెట్రోలు పోసినా పిస్టను పట్టేస్తుంది.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాలిలోని తేమను లాగుతుంది. తేమ ఎక్కువైతే నీరూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగుతాయి. టూ స్ట్రోక్ ఆయిల్ పైన పెట్రోలుతోనే ఉండిపోతుంది. ట్యాంకులో గొట్టం పీల్చేది అడుగు నుంచే కాబట్టి ఇంజనుకు నూనె లేని ద్రవం అందుతుంది. అందుకని వారానికి సరిపడానే కలుపుకోండి. నెల దాటింది వాడొద్దు. సీజను అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను తనంతట ఆగేదాకా నడిపి, ఆ తర్వాతే లోపల పెట్టండి. పాత మిషన్లకు ఎంత ఇథనాల్ పడుతుందో పుస్తకంలో చూడటం తప్పనిసరి.

రోజూ చూడాల్సినవి ఏవి?

పని ముగిశాక ఎయిర్ ఫిల్టరు తీసి దులపండి. సిలిండరు రెక్కల మధ్య, స్ప్రాకెట్ మూత లోపల పేరుకున్న పొట్టు తీయండి. రెక్కలు మూసుకుపోతే ఇంజను చల్లారదు. చైన్ బ్రేకు పట్టుకుంటోందో లేదో చూడండి. స్ప్రాకెట్ మీద అర మిల్లీమీటరు లోతు గాడి పడితే మార్చేయాలి. అరిగిన స్ప్రాకెట్ మీద కొత్త చైన్ వేస్తే, చైన్ తన పిచ్ పోగొట్టుకుని తొందరగా అరుగుతుంది. రెండు మూడు చైన్లు దగ్గర ఉంచుకుని మార్చి మార్చి వాడితే చైన్లూ స్ప్రాకెట్ కలిసి అరిగి ఒకేసారి మార్పుకొస్తాయి.

షాపులో గ్రైండరుతో పెట్టిస్తే పోలేదా?

రాయికో మేకుకో కొట్టుకుని పళ్లు బాగా దెబ్బతింటే, లేదా పొడవులు చిందరవందరైతే గ్రైండరే నయం. అన్ని పళ్లనూ ఒకే కొలతకు తెస్తుంది. కానీ తొందరపడి గట్టిగా ఆనిస్తే పన్ను నీలం రంగుకు తిరుగుతుంది. అంటే ఆ వేడికి ఉక్కు గుణం మారిపోయినట్టు. ఇక ఆ పన్ను పదును పట్టుకోదు, ఆకురాయికీ సరిగా లొంగదు. చైన్ చేతికి తీసుకునేటప్పుడు నీలం మచ్చలున్నాయేమో చూసి, ఉంటే షాపువాణ్ని అడగండి. ఆడించాక బొడిపెల ఎత్తు కొలిచాడా అనీ అడగండి.

పన్ను పై పలక పొడవు 4 మిల్లీమీటర్లకు తగ్గినా, పంటి మీద అరుగుదల గుర్తు వచ్చినా, ఒక్క పన్నుకు పగులు కనిపించినా ఆ చైన్ పని అయిపోయింది. అంతవరకూ దాన్ని నడిపించేవి ఒక గుండ్రటి ఆకురాయి, ఒక బల్లపరుపు ఆకురాయి, ఒక కొలబద్ద. మిషను కొనేటప్పుడే ఈ మూడూ అడిగి తీసుకోండి, మొదటిసారి పదును పెట్టడం షాపువాడి చేతే చేయించి పక్కన నిలబడి చూడండి. రెండోసారి మీరే చేసి, పచ్చి దుంగ మీద ఒక కోత వేసి కిందికి చూడండి. పొడి రాలితే తప్పెక్కడో వెతకాలి, పేళ్లు రాలితే పని మొదలుపెట్టుకోవచ్చు.